ట్రంకు మూతలోని మనిషి

ఖమ్మంలో ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు పాత సాహస నవలల అట్టబొమ్మలు సేకరించి, పెద్దవి చేయించి, గోడలకు తగిలించి ప్రదర్శన పెట్టారు. నేను ఆ నవలల పిచ్చివాడినని ఎవరు చెప్పారో ఏమో, నన్నూ పిలిచారు. "అంకుల్, ఆ రోజుల గురించి సరదాగా నాలుగు పేజీలు రాసివ్వండి, మా సంచికలో వేసుకుంటాం" అన్నారు. సరేనని వచ్చాను. తీరా కాగితం ముందేసుకుంటే సరదా రావడం లేదు. వచ్చిందే రాస్తున్నాను. వేసుకుంటారో, చించేస్తారో మీ ఇష్టం.

మీరు గోడ మీద అద్దంలో చూసిన ఆ బొమ్మలు మా రోజుల్లో జేబులో పట్టే పుస్తకాల మీద ఉండేవి. టీ మరకలు, నూనె వేళ్ళ ముద్రలు, చెవుల్లా మడిచిన మూలలు. రక్తం కారుతున్నట్టు రాసిన పేరు, జలపాతం పక్కన పుర్రె, తుపాకి పట్టుకున్న పిల్ల, ఎగిరి దూకుతున్న పులి. మేం చెప్పుకునేవాళ్ళం, ముందు అట్ట అచ్చేసి, ఆ తర్వాతే కథ రాయిస్తారట అని. నిజమే అయ్యుంటుంది. అట్ట మీద దూకిన పులి లోపల ఎంత వెతికినా దొరికేది కాదు. భద్రాచలం బస్టాండు దగ్గర అద్దెకు పుస్తకాలిచ్చే షాపాయనను ఒకసారి అడిగితే, "మీరు పోలీసోళ్ళు గద సార్, మీరే పట్టుకోండ్రి" అన్నాడు.

నేను కానిస్టేబుల్‌ని. అట్టలంటే నాకు కథ కన్నా ఎక్కువ ఇష్టం. తోటి కానిస్టేబుళ్ళు ట్రంకు పెట్టె మూత లోపలి వైపు సినిమా హీరోయిన్ల బొమ్మలు అంటించుకుంటే నేను నవలల అట్టలు అంటించుకున్నాను. కొనలేదు. అద్దెకు తెచ్చిన పుస్తకం అట్ట బ్లేడుతో కోసి, పాత పేపరు అట్ట వేసి తిరిగిచ్చేవాణ్ణి. షాపాయనకు తెలుసు. పోలీసువాణ్ణి ఎవరడుగుతారు? దానికి సిగ్గుపడాలన్న ఇంగితం కూడా అప్పటికి నాకు లేదు.

ఎనభైల మొదట్లో నాకు పర్ణశాల దాటాక అడవి దారిలో ఉండే ఒక చిన్న స్టేషన్‌కి పోస్టింగ్ పడింది. మాది కూసుమంచి వైపు, చెరువులూ పొలాలూ తప్ప అడవి ఎరగనివాణ్ణి. నాకు తెలిసిన అడవంతా ఆ నవలల్లో చదివిందే. స్టేషన్లో ఒక ఎస్సైగారు, ఒక హెడ్ కానిస్టేబుల్, మేం కొందరం. మా ముఖ్యమైన పని భద్రాచలం పోయే బస్సులు ఆపి చూడటం. పైనుంచి వచ్చిన నేరస్తుల ఫోటోలు బోర్డుకు అంటించి ఉండేవి. ఎక్కే దిగే మొహాలను వాటితో పోల్చుకోవాలి.

అందులో నాకు కాస్త పేరుండేది. పర్ణశాల జాతరలో ఒక సైకిళ్ళ దొంగను, వాడు గుండు చేయించుకున్నా సరే, గుర్తుపట్టి పట్టుకున్నాను. అప్పటినుంచి హెడ్డుగారు నన్ను "కెమెరా" అని పిలిచేవాడు. ఒకసారి చూస్తే మరచిపోడు వీడు, అని కొత్త ఎస్సైగారికి పరిచయం చేశాడు కూడా. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పేరు వచ్చాక మనిషి దాన్ని మోయాలి, అక్కడే నడుం విరుగుతుంది.

జూన్ నెల. తొలకరి పడి రోడ్డు బురదగా ఉంది. పొద్దున బస్సు ఆపి ఎక్కాను. వెనక సీట్లో ఒక కోయ మనిషి, పక్కన పన్నెండు పదమూడేళ్ళ కూతురు, ఆమె ఒళ్ళో గుడ్డ సంచి. ఆయన మొహం చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఎడమ కనుబొమ నుంచి చెంప దాకా దిగిన లోతైన మచ్చ. పొట్టిగా కత్తిరించిన గడ్డం. ఈ మొహం నాకు తెలుసు. ఎక్కడో చూసిన మొహం కాదు, బాగా చూసిన మొహం. పోలీసువాడికి బాగా తెలిసిన కొత్తమనిషి మొహం అంటే ఇంకేమై ఉంటుంది? దింపాను.

"ఏం జేసిన సార్?" అన్నాడు ఆయన, దిగుతూనే. గొంతులో గాబరా లేదు, అడగాలి కాబట్టి అడిగినట్టుంది.

"స్టేషన్‌కు రా, చెప్తా."

కూతురు వెంటే దిగింది. బస్సు వెళ్ళిపోయింది.

హెడ్డుగారు బోర్డు మీది ఫోటోలన్నీ చూశాడు. లేదు. పాత ఫైళ్ళు దించి చూశాం. లేదు. "కెమెరా, గట్టిగ చెప్పు. చూసినవా లేదా?" అన్నాడు. "చూసిన సార్. ఒకటి కాదు, మస్తు సార్లు చూసిన. ఫోటోనే చూసిన" అన్నాను. చాలాసార్లు చూశానన్నది అబద్ధం కాదు, అదే నా ఖర్మ. ఆయన నా మాట నమ్మి వైర్‌లెస్‌లో భద్రాచలానికి చెప్పేశాడు. ఎస్సైగారు అక్కడే మంత్రిగారి బందోబస్తులో ఉన్నారు. సాయంత్రం వచ్చి చూస్తాను, అప్పటిదాకా కూర్చోబెట్టండి అని జవాబొచ్చింది. హెడ్డుగారు నా భుజం తట్టాడు.

మేం మనిషిని అడగాల్సినవి అడిగాం. మచ్చ ఎక్కడిదంటే, "ఇప్పపూలు ఏరంగ ఎలుగ్గొడ్డు గీరింది సార్" అన్నాడు. నీ ఫోటో ఎప్పుడన్నా తీశారా అంటే కాసేపు ఆలోచించాడు.

"ఫోటో ఎవ్వలు తియ్యలే. ఒకాయన బొమ్మ గీసిండు. పర్ణశాల రేవుకాడ కూసోబెట్టి గీసిండు. పట్నం మనిషి. నాకు బీడీల కట్ట ఇచ్చిండు."

హెడ్డుగారు పెద్దగా నవ్వాడు. "నీ బొమ్మ గీసిండా? ఎందుకురా, నువ్వేమన్న రాజువా?"

నేనూ నవ్వాను. నిజం మా ముందు కూర్చుని బీడీల కట్టతో సహా లెక్క చెబుతుంటే ఇద్దరం పళ్ళికిలించాం.

పిల్ల వరండాలో బల్ల చివర కూర్చుంది. నేను అటు పోయినప్పుడు లేచి నిలబడి, సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించింది. భద్రాచలంలో ఆడపిల్లల హాస్టలు స్కూల్లో ఎనిమిదో తరగతికి సీటు. వాళ్ళ ఊళ్ళో ఏడు దాటి బడి లేదు.

"సార్, ఇయ్యాల ఐదింటిలోపల పోకుంటే సీటు తీసేస్తరంట."

"అయితది, కూసో" అన్నాను. ఏమవుతుందో నాకే తెలియదు.

హోటల్ నుంచి ఇద్దరికీ టీ, బన్ను తెప్పించాను. తండ్రి తినేదాకా ఆమె ముట్టుకోలేదు. వాళ్ళిద్దరూ కోయ భాషలో మెల్లగా ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆయన మాటి మాటికీ రోడ్డు వంక చూస్తున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక బస్సుంది, ఆ తర్వాత మూడున్నరకు ఒకటి. రెండిట్లో ఏది దొరికినా ఐదులోపల చేరవచ్చు. ఇది నాకు బాగా తెలుసు. బస్సులు ఆపేవాణ్ణి నేనే కదా.

భోజనానికి ముందు చెమటకు తడిసిన బనియన్ మార్చుకుందామని బ్యారక్‌లోకి వెళ్ళి ట్రంకు తెరిచాను. మూత పైకి లేచింది. మూత మధ్యలోంచి ఆయన నన్ను చూస్తున్నాడు.

అదే కనుబొమ. అదే మచ్చ. అదే గడ్డం. వెనక ఎర్రటి ఆకాశం, చేతిలో మండుతున్న కాగడా. పొద్దున్నే సబ్బు కోసం, రాత్రి లుంగీ కోసం, మూత లేపిన ప్రతిసారీ చూసే మొహం. ఏడాది పైగా రోజూ చూశాను. బాగా తెలిసిన మొహం కాక ఏమవుతుంది?

బనియన్ చేతిలో పట్టుకుని నా మంచం మీద అట్లాగే కూర్చుండిపోయాను.

అప్పటికి ఇంకా రెండు కాలేదు. లేచి వెళ్ళి హెడ్డుగారితో, "సార్, పొరపాటైంది, నవల అట్ట మీద చూసిన" అంటే సరిపోయేది. ఆయన బూతులు తిట్టేవాడు. తర్వాత నవ్వేవాడు. ఆ తర్వాత చుట్టుపక్కల స్టేషన్లన్నీ నవ్వేవి. నేను బదిలీ అయిన చోటికల్లా నాకన్నా ముందే ఆ కథ చేరేది. అంతే. అంతకన్నా ఏమీ జరగదు. గోటితో పోయేదది. నేనే గొడ్డలి దాకా తెచ్చాను.

ఎస్సైగారు వస్తారు, ఆయనే చూసి వీడు కాదంటారు, వదిలేస్తారు, ట్రంకు సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. ఇదీ నేను వేసుకున్న లెక్క. వెళ్ళి భోజనం చేశాను. హెడ్డుగారు "ఏంది కెమెరా, కూర బాగలేదా?" అంటే బాగుందన్నాను. రెండింటి బస్సు వచ్చింది, నేనే ఆపాను, నేనే చూశాను, నేనే చెయ్యి ఊపి పంపించాను. పిల్ల వరండాలోంచి లేచి నిలబడి ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. మూడున్నర బస్సు వచ్చినప్పుడు లేవలేదు. పోలీసువాణ్ణయి ఉండి తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా తిరిగాను. తండ్రి ఒక్కసారి మాత్రం అడిగాడు.

"సార్, నన్ను ఉంచుకోండ్రి. బిడ్డను ఎవరితోనన్న పంపిస్తరా?"

"ఎస్సైగారు రావాలె" అన్నాను.

ఎస్సైగారు దీపాలు పెట్టే వేళకు వచ్చారు. ఆయన నేను అనుకున్నట్టు వీడు కాదనలేదు. మనిషిని పైనుంచి కిందికి చూసి, "కెమెరా చూసిండంటే చూసే ఉంటడు. పొద్దున ఖమ్మం పంపిద్దాం, అక్కడ పాత రికార్డు ఉంటది" అన్నారు. నా లెక్క అక్కడ తలకిందులైంది. ఖమ్మం పోయినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో నాకు తెలుసు.

బ్యారక్‌లోకి పోయాను. అట్టను మూత నుంచి ఊడదీద్దామంటే మైదా బంక రాయిలా గట్టిపడింది, చిరుగుతోంది. చివరికి ట్రంకునే భుజాన వేసుకుని ఎస్సైగారి గదిలోకి తెచ్చి, బల్ల మీద పెట్టి మూత లేపాను. నా బట్టలు, అద్దం, దువ్వెన, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి సీసా, అన్నీ అందరి ముందూ. ఆయన ఒకసారి అట్టను చూశారు, ఒకసారి మనిషిని చూశారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. హెడ్డుగారు నవ్వలేదు. వైర్‌లెస్‌లో కబురు చెప్పింది ఆయనే మరి.

"కథల ఈయన ఎవడయ్యా? దొంగనా?" అని అడిగారు ఎస్సైగారు.

అప్పుడు చూశాను బొమ్మను సరిగ్గా. ఏడాది పైగా ఆ మచ్చనే చూశాను గానీ, ఆయన భుజం మీద ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి కాళ్ళు చేతులు వేలాడుతున్నాయని నాకు పట్టనే లేదు. కథ మాత్రం గుర్తుంది, మూడుసార్లు చదివాను.

"కాదు సార్. దారి చూపెట్టేటోడు. హీరోకు దెబ్బ తగిల్తే భుజం మీద మోసుకొని అడవి దాటిస్తడు."

ఆ తండ్రి వంగి ట్రంకు మూతలోకి చూశాడు. "నేనే" అన్నాడు, ఆశ్చర్యంగా. "కాగడ లేకుండె గనీ." పిల్ల మాత్రం బొమ్మ వైపు రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

బొమ్మ గీసినాయన ఏ తప్పూ చేయలేదు. ఆ మొహంలో ఆయనకు మంచివాడు కనపడ్డాడు, అట్లాగే గీశాడు. ఆ మచ్చను, ఆ నలుపును, ఆ అడవిని చూసి దొంగను చేసింది నేను. పోలీసు ట్రైనింగులో నేర్పింది కాదది. నాతోపాటు ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

"దీన్ని ఎప్పుడు చూసినవ్?" అన్నారు ఎస్సైగారు.

"ఇప్పుడే సార్" అన్నాను.

ఆయన నమ్మారు. ఆ రాత్రి తండ్రీకూతుళ్ళకు స్టేషన్‌లోనే అన్నం పెట్టించి పడుకోబెట్టారు. "పొద్దున ఫస్ట్ బస్సుకు నువ్వే తీస్కపో. డ్రస్సు మీద పో. ఆ స్కూలు పెద్దమేడంకు ఉన్నదున్నట్టు చెప్పు, మేమే ఆపినం, పిల్ల తప్పు లేదు అని. ఆమె కాగితం అడిగితే నేను రాసి పంపిస్త" అన్నారు. మంచి మనిషి. అంతకన్నా వివరంగా ఎవరు చెబుతారు?

పొద్దున నేను పోలీసు డ్రస్సు వేసుకోలేదు. భద్రాచలంలో నన్ను ఎరిగిన పోలీసులున్నారు, వైర్‌లెస్ కబురు ఎట్లాగూ పాకి ఉంటుంది, డ్రస్సులో కనబడితే ఆపి అడుగుతారు. ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరాను. బస్సులో తండ్రి నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు.

స్కూల్లో పెద్దమేడం గది ముందు చాలామంది తల్లిదండ్రులున్నారు. పిల్లలు ట్రంకులు, చాపలు పట్టుకుని ఉన్నారు. మా వంతు వచ్చి లోపలికి పోతే వెనకే మరో నలుగురు తోసుకొచ్చారు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. కఠినంగా ఉంది గానీ విసుగు లేదు.

"నిన్న రావాలి కదా. ఎందుకు రాలేదు? మీరెవరు?"

"వీళ్ళ ఊరి దగ్గర పనిచేస్తానండి" అన్నాను. అక్కడ ఆగి, చెప్పాల్సింది మనసులో కూర్చుకున్నాను. నేను పోలీసును. ఈయనను నేను ఆపాను. ఎందుకాపానంటే. ఆ ఎందుకు దగ్గర ఆగిపోయాను. వెనక నిలబడ్డవాళ్ళు వింటున్నారు. టేబుల్ పక్క యువతి, వార్డెన్ కాబోలు, కలం పట్టుకుని నా వైపే చూస్తోంది.

"బస్సు చెడిపోయిందండి" అన్నాను.

మేడం కలం కింద పెట్టింది. "నిన్న పొద్దున బస్సా? ఆ దారి పిల్లలు ముగ్గురు నిన్న అదే బస్సులో వచ్చారే." ఆవిడ నన్ను వదిలేసి తండ్రి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నిజమేనా? బస్సు చెడిపోయిందా?"

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"అవ్ అమ్మా. బస్సే" అన్నాడు.

పిల్ల తలెత్తి తండ్రిని చూసింది.

"చూడండి, ఒక సీటు నేను నిన్న సాయంత్రం ఇవ్వకుండా ఆపి పెట్టాను" అంది మేడం. "వాగు పొంగిందనో, జ్వరమనో, ఇంకేదో కష్టమొచ్చి రాలేనివాళ్ళుంటారని. అది అబద్ధం చెప్పేవాళ్ళకు కాదు. తర్వాత ఎవరు?"

వెనకవాళ్ళు ముందుకొచ్చారు. మేం బయటికొచ్చాం.

పిల్లలూ, ఇది చదివేవాళ్ళలో కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళు ఎవరైనా ఉంటే మీకోసం ఒక మాట. పొరపాటు పడటం పెద్ద నేరం కాదు. మొహాలు చూసే ఉద్యోగంలో ఒక మొహం తప్పిపోవడం మామూలే. ఆ రోజు మధ్యాహ్నం దాకా నాది పొరపాటే. మధ్యాహ్నం నుంచి చేసినదానికి వేరే పేరుంది. నలుగురూ నవ్వుతారన్న సిగ్గును దాచుకోవడానికి, ఇన్నేళ్ళూ దాచుకోలేని సిగ్గును కొనుక్కున్నాను. అట్ట సంగతి ఎట్లాగూ ఊరంతా పాకింది, రిటైరయ్యేదాకా నన్ను ఏడిపించారు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. స్కూల్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఎస్సైగారు అడిగితే, సీటు అప్పటికే ఇచ్చేశారట సార్ అన్నాను. ఆ పిల్ల తర్వాత ఏమైందో కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టమేం కాదు, వాళ్ళ ఊరు మా స్టేషన్ పరిధిలోదే. నేనే పెనుబల్లి వైపు బదిలీ అడిగి వెళ్ళిపోయాను.

ఆ రోజు మేడం గదిలోంచి వచ్చి స్కూలు గేటు బయట ముగ్గురం నిలబడ్డాం. తండ్రి చెప్పుల బురద గోడకు గీరుకుంటున్నాడు. కోపం వస్తుందేమో అని చూశాను, రాలేదు. నేనే ఆగలేక అడిగాను.

"నువ్వెందుకు అవ్ అన్నవ్? ఆమె నిన్నే అడిగింది గద. ఉన్నది చెప్పకపోయినవా?"

"మీరు ఒక మాట అన్నంక నేను కాదంటే, నలుగుట్ల మీకు చిన్నతనమైతది గద సార్" అన్నాడు.

భయంతో అన్నాడా, మర్యాదకు అన్నాడా, నాకు ఈ రోజుకీ తెలియదు. ఏదైనా నన్ను మోసింది ఆయనే.

పిల్ల, తండ్రి చెయ్యి పట్టుకుని వాళ్ళ మాటలో ఏదో అడిగింది. ఏమంటున్నదని నేనడిగాను.

"ఏం లేదు సార్. మళ్ళ ఒకసారి లోపలికి పోయి చెప్దామా అంటుంది."

ఇద్దరూ నా మొహంలోకి చూశారు. గేటు తెరిచే ఉంది. మేడం గది ముందు వరుస ఇంకా కదులుతోంది, మేం నిలబడ్డ చోటికి కనబడుతోంది కూడా.

"బస్సుకు టైమైతుంది, పదండ్రి" అన్నాను.